చత్వారం కళ్ళకేనా?

నలభై దాటిన ప్రతి ఇంజనీరు జీవితంలోనూ ఆ రోజు వస్తుంది. మానిటర్ మీద అక్షరాలు బానే కనబడుతుంటాయి గానీ, చేతిలో ఫోను మాత్రం ఎంత దూరం పెట్టినా ఇంకొంచెం దూరం పెట్టాలనిపిస్తుంది. చెయ్యి పొడుగు చాలదు. పక్క సీటాయన నవ్వుతాడు, "వచ్చేసిందా గురువు గారూ, చత్వారం!" అని. వారం తిరక్కుండా కళ్ళజోడు పెట్టుకుని వస్తాం. ఎవరం సిగ్గుపడం. పైగా ఫ్రేములు ఎక్కడ చవగ్గా దొరుకుతాయో కూడా చెప్పుకుంటాం. నలభై అనే సంస్కృతం మాటలోంచే చత్వారం వచ్చిందంటారు. అంటే ఆ వయసుకి చూపు తగ్గుతుందని మన పెద్దవాళ్ళు ఎప్పుడో ఒప్పేసుకుని, పేరు కూడా పెట్టేశారన్నమాట.

అదే వయసులో మగవాడి ఒంట్లో ఇంకొన్ని కూడా తగ్గుతాయి. వాటికి మన దగ్గర పేరు లేదు. పేరు లేదు కాబట్టి మాట లేదు. మాట లేదు కాబట్టి ఆ లోటు కోపంగానో, బద్ధకంగానో, అప్రైజల్‌లో ఒక మెట్టు కిందకి జారిన రేటింగుగానో బయటపడుతుంది. దీని గురించి రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను. నా సంగతి కాబట్టి జంకు ఉంది. అయినా రాసేస్తున్నాను.

అప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. ఒక రిలీజు రాత్రి, పన్నెండు దాటాక, కాల్‌లో పది మందిమి ఉన్నాం. టీములో రెండేళ్ళ అనుభవం ఉన్న కుర్రాడు ఒక కాన్ఫిగరేషన్ ఫైలు మార్చడం మర్చిపోయాడు. వెనక్కి తిప్పి మళ్ళీ ఎక్కించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతే నష్టం. కానీ నేను ఆ కుర్రాణ్ణి అందరి ముందూ అనరాని మాటలన్నాను. "నీకు ఉద్యోగం ఇచ్చినవాణ్ణి అనాలి" దాకా వెళ్ళింది. కాల్‌లో ఎవరూ మాట్లాడలేదు. వాడు "సారీ అన్నా" అన్నాడు, అంతే. రెండు నెలల్లో వేరే టీముకి మారిపోయాడు.

మర్నాడు నాతో సమానంగా పనిచేసే ఒకావిడ కాఫీ దగ్గర కలిశారు. మా ఇద్దరిదీ పన్నెండేళ్ళ పరిచయం. "ఒక్కటి చెప్తాను, ఏమనుకోకండి. రాత్రి ఆ అరుపులు నేను అరిచుంటే ఈపాటికి ఫ్లోరంతా హార్మోన్లనేవాళ్ళు. మీరు అరిస్తే మాత్రం, పాపం, సార్ స్ట్రెస్‌లో ఉన్నారంటున్నారు," అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఒకప్పుడు అలాంటి జోకులకి నేనూ నవ్వినవాణ్ణే.

నిజానికి ఆ కోపం ఒక్కటే కాదు. అప్పటికి ఏడాదిగా నేను నేనులా లేను. మధ్యాహ్నం మూడింటికి మెదడు మీద తడిగుడ్డ కప్పినట్టుండేది. ఒకే కోడ్ రివ్యూ మూడుసార్లు చదివి, నాలుగోసారి చదవకుండానే సరేననేసేవాణ్ణి. కొత్త సంగతి ఏదైనా నేర్చుకోవాలంటే "కుర్రాళ్ళున్నారుగా" అనుకునేవాణ్ణి. ఇంట్లో సోఫాలో కూర్చుంటే నిద్ర, పక్క మీదకి వెళ్తే మెలకువ. ఆలుమగల మధ్య ఉండాల్సిన దగ్గరితనం సంగతి.. అదీ తగ్గింది. మా ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. ఆ ఏడాది నా రేటింగు తగ్గింది. మేనేజరు "మీలో ఎనర్జీ కనబట్లేదు" అని మర్యాదగా చెప్పాడు.

మన వాళ్ళం ఏం చేస్తాం? వెతుకుతాం. నేనూ వెతికాను. అన్ని లక్షణాలకీ ఒకే సమాధానం దొరికింది: టెస్టోస్టెరాన్ తగ్గిపోయింది! ఒకసారి వెతికితే ఇక ప్రకటనలు వదలవు కదా. మగవాళ్ళ కోసమే అని చెప్పుకునే ఒక క్లినిక్కుకి వెళ్ళాను. ఆఫీసు నుంచి కాస్త ముందు బయల్దేరి, దారిలో సమోసా, టీ లాగించి, సాయంత్రం నాలుగున్నరకి రక్తం ఇచ్చాను. డెసిలీటరుకి 268 నానోగ్రాములని వచ్చింది. "మూడొందల కింద ఉంది సార్, ఇంజక్షన్లు మొదలుపెడదాం," అని ఆర్నెల్ల ప్యాకేజీ కాగితం నా ముందు పెట్టారు. ఎన్నాళ్ళు వాడాలి అనడిగితే "ముందు మొదలుపెడదాం సార్" అన్నారు. సంతకం పెట్టడమే తరువాయి.

అదృష్టం కొద్దీ ఆ రాత్రి నాతో స్కూల్లో చదువుకున్న డాక్టరుకి ఫోన్ చేశాను. వాడి మొదటి ప్రశ్న, "ఒరేయ్, రక్తం ఎన్నింటికిచ్చావు?" చెప్పాను. "ఏమన్నా తిన్నావా?" సమోసా సంగతి చెప్పాను. "రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావు? గురక పెడతావా?" గురక సంగతి మా ఆవిడే ఫోన్ లాక్కుని చెప్పింది. అరగంట చీవాట్లు తిన్నాను. వాడు చెప్పిందీ, తరవాత నేను కూర్చుని చదివిందీ కలిపి, నాకర్థమైనంతలో చెప్తాను.

మొదటి సంగతి: మగవాడికి ఆడవాళ్ళ మెనోపాజ్ లాంటిది రాదు. ఆడవాళ్ళలో కొన్నేళ్ళలోనే అండాశయాల పని ఆగిపోతుంది, హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. మగవాళ్ళలో అలా ఆగదు. ముప్ఫై, నలభైల నుంచి ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున మెల్లగా తగ్గుతుంది. చాలామందికి డెబ్భైలో కూడా సరిపడా ఉంటుంది. అందుకే "ఆండ్రోపాజ్" అనే మాట చాలామంది డాక్టర్లకి నచ్చదు. ఇది మెట్టు దిగడం కాదు, వాలు.

రెండోది: ఈ హార్మోను రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తగ్గుతుంది. తిన్న తరవాతా తగ్గుతుంది. అందుకే పొద్దున్నే, పరగడుపున, అదీ వేరువేరు రోజుల్లో రెండుసార్లు పరీక్ష చేసి, రెండుసార్లూ తక్కువొస్తేనే, దానికి తగ్గ లక్షణాలూ ఉంటేనే లోపం అనాలని అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాలు చెప్తున్నాయి. సాయంత్రం నాలుగున్నరకి, సమోసా తిన్నాక తీసిన ఒక్క అంకెని పట్టుకుని ఆర్నెల్ల ప్యాకేజీ! ట్రాఫిక్ లేని టైములో ఒక్కసారి కొలిచి సర్వరు బ్రహ్మాండంగా ఉందని ఎవరైనా రిపోర్టిస్తే మనం ఊరుకుంటామా? ఇదీ అంతే, తిరగేసి.

మూడోది నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. యూరప్‌లో 8 కేంద్రాల్లో 40 నుంచి 79 ఏళ్ళ మధ్య మగవాళ్ళు 3,369 మందిని పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. హార్మోను తక్కువగా ఉండి, దానితో గట్టిగా ముడిపడిన మూడు లైంగిక లక్షణాలూ ఉన్నవాళ్ళు మొత్తమ్మీద 2.1 శాతమే. నలభైల్లో ఉన్నవాళ్ళలో అయితే 0.1 శాతం, అంటే వెయ్యికి ఒకరు. మన ఫ్లోరులో నలభై దాటి, నీరసంగా, చిరాగ్గా ఉన్నవాళ్ళు వెయ్యికి ఒక్కరేనా? లెక్క కుదరట్లేదు కదా. కుదరదు. ఎందుకంటే మన నీరసానికి అసలు కారణం చాలాసార్లు వేరే చోట ఉంటుంది.

ఎక్కడుంది? మన డ్యూటీ చార్టులో ఉంది. షికాగో యూనివర్సిటీ వాళ్ళు 2011లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగంలో, ఆరోగ్యంగా ఉన్న 10 మంది కుర్రాళ్ళని వారం రోజులు రాత్రికి 5 గంటలే పడుకోనిచ్చారు. పగటిపూట టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. ఏడాదికి 1 శాతం చొప్పున వయసు తగ్గించేదానితో పోలిస్తే, పదేళ్ళ తగ్గుదల వారంలో! వాళ్ళు ఇరవైల్లో ఉన్నవాళ్ళు. మరి రాత్రి తొమ్మిదిన్నరకి అమెరికా కాలూ, పొద్దున ఏడింటికి పిల్లల స్కూలు బస్సూ మధ్య పదిహేనేళ్ళుగా నలుగుతున్న మన సంగతేమిటి?

ఇక బొజ్జ. నడుం చుట్టూ చేరిన కొవ్వు ఊరికే కూర్చోదు. అందులో ఉండే ఆరోమటేజ్ అనే ఎంజైము టెస్టోస్టెరాన్‌ని ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంటుంది. ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యనివాళ్ళలో రక్తంలో కొలిచే టెస్టోస్టెరాన్ ఇంకా తగ్గుతుంది. హార్మోను తగ్గితే కండ తగ్గి మళ్ళీ కొవ్వు పెరుగుతుంది. ఇదొక ఇన్‌ఫినిట్ లూప్. హైదరాబాదులోనే ఏఐజీ ఆసుపత్రి, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్ళు కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉందని 2025లో ప్రచురించారు. ఎనభై నాలుగు! మన మీటింగు గదిలో పది మంది కూర్చుంటే ఎనిమిది మంది. కాబట్టి వయసుని అనే ముందు కుర్చీని అనాలి.

మన భాషలో చెప్పాలంటే, లాగ్‌లో ఎర్రర్ కనబడిన చోటే బగ్ ఉండాలని లేదు. తక్కువ టెస్టోస్టెరాన్ చాలాసార్లు లాగ్‌లో కనబడే ఎర్రర్ మాత్రమే. నిద్ర లేకపోవడం, గురకతో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా, షుగరు, పొట్ట.. బగ్ అక్కడెక్కడో ఉంటుంది. థైరాయిడ్, బీ12 లోపం కూడా ఇవే లక్షణాలతో వస్తాయి. డిప్రెషన్ కూడా. ఇది ముఖ్యం. "హార్మోనుదేలే" అని సరిపెట్టుకుంటే అసలు చికిత్స అందాల్సిన మనిషి ఆగిపోతాడు. ఇంజక్షన్ పొడవడమంటే ఎక్సెప్షన్‌ని పట్టుకుని ఖాళీ బ్లాకులో పడేయడం లాంటిది. స్క్రీన్ మీద ఎర్రర్ పోతుంది.

అలాగని ఇంజక్షన్లన్నీ మోసమని కాదు. పిట్యూటరీ గ్రంథికో వృషణాలకో నిజంగా జబ్బు చేసినవాళ్ళకి ఈ చికిత్స జీవితాన్నే మారుస్తుంది. కానీ అది స్పెషలిస్టు తేల్చాల్సిన మాట. బయటి నుంచి హార్మోను ఇస్తే ఒంటి సొంత తయారీ ఆగుతుంది, వీర్యకణాలు తగ్గిపోతాయి. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళకి ఇది ముందే చెప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు (నాకు ఇద్దరున్నారు, అది వేరే సంగతి. కానీ అడగనైనా అడగలేదు). రక్తం చిక్కబడుతుంది, దాన్ని గమనిస్తూ ఉండాలి. అమెరికాలో హార్మోను తక్కువున్న, 65 దాటిన 790 మందికి ఏడాది పాటు ఇచ్చి చూస్తే, 2016లో వచ్చిన ఫలితాల్లో లైంగిక విషయాల్లో కొంత మెరుగుదల కనబడింది గానీ, నీరసం విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జ్ఞాపకశక్తి మీద 2017లో వచ్చిన ఫలితాలూ నిరాశే. గుండెజబ్బు ఉన్న లేదా వచ్చే ప్రమాదమున్న 5,200 మంది పైచిలుకు మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. గుండెపోటూ పక్షవాతం ఎక్కువ కాలేదు, సంతోషం. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కాస్త ఎక్కువగా కనిపించాయి. అంటే భూతం కాదు, అమృతమూ కాదు. కోడ్ రివ్యూ మూడోసారికి అర్థం కావడానికి వాడే మందైతే అసలు కాదు.

ఈ ఆశ కొత్తదేమీ కాదు లెండి. 1889లో బ్రౌన్ సెకార్ అనే పేరుమోసిన ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త, 72 ఏళ్ళ వయసులో, కుక్కల, గినీ పందుల వృషణాల రసం తనకి తానే ఎక్కించుకుని, మళ్ళీ కుర్రాణ్ణయ్యానని ప్యారిస్‌లో పండితుల ముందు ప్రకటించాడు. ఆయన తీసిన రసంలో పనిచేసేంత హార్మోనే లేదని తరవాత తేలింది. నూటముప్ఫై ఏళ్ళ పైన గడిచినా, మూడొందల కింద అంకె చూడగానే సంతకం పెట్టబోయిన నేను ఆయన కన్నా తెలివైనవాణ్ణేమీ కాదు.

ఇంతకీ నా సంగతేమైందంటే, పొద్దున్నే పరగడుపున రెండుసార్లు పరీక్ష చేయిస్తే 341, 356 వచ్చాయి. ఎక్కువేం కాదు, కానీ లోపం కూడా కాదు. నిద్ర పరీక్షలో అసలు దొంగ దొరికాడు. స్లీప్ ఆప్నియా. రాత్రి గంటకి ఇరవైసార్ల పైన ఊపిరికి అడ్డం పడుతోందట. ఏడాదిగా నేను పడుకున్నాననుకున్నది నిద్రే కాదన్నమాట. ముక్కుకి తగిలించుకునే యంత్రం ఇచ్చారు. మొదటి వారం ఏనుగులా ఉన్నానని పిల్లలు ఒకటే నవ్వు. మూడో వారానికి మధ్యాహ్నపు తడిగుడ్డ తొలగింది. ఆ తరవాత నడక, కాస్త బరువులెత్తడం, రాత్రి అన్నం తగ్గించడం. పది నెలల్లో ఏడు కిలోలు తగ్గాను. మళ్ళీ కొలిస్తే 430 వచ్చింది. నా ఒక్కడి అంకెలు ఎవరికీ రుజువు కావని తెలుసు. కానీ ఆ క్లినిక్కులో సంతకం పెట్టుంటే, రాత్రిళ్ళు ఊపిరాడని సంగతి ఇప్పటికీ తెలిసేది కాదు. పైగా టెస్టోస్టెరాన్ స్లీప్ ఆప్నియాని ఇంకా పెంచగలదట!

ఇప్పుడు ఆఫీసు సంగతి. కొన్ని కంపెనీల్లో మెనోపాజ్ గురించి ఆడవాళ్ళకి అవగాహన కార్యక్రమాలు మొదలయ్యాయి. మంచిదే, ఇంకా రావాలి. అది చూసి "మరి మాకో?" అని వెటకారం చేసే మగవాళ్ళని చూశాను. వాళ్ళకి చెప్పేదొకటే. మనకి ప్రత్యేక సెలవులక్కర్లేదు, ప్రత్యేక పేరూ అక్కర్లేదు. మనకి కావాల్సింది నిద్ర. అది మనకే కాదు, ఆ ఫ్లోరులో ఉన్న ఆడవాళ్ళకీ, ఇరవై అయిదేళ్ళ కుర్రాళ్ళకీ కావాలి. అమెరికా వాళ్ళతో కాల్ ఎప్పుడూ మన రాత్రే ఎందుకుండాలి? వారం మార్చి వారం వాళ్ళు పొద్దున్నే లేవచ్చు కదా. నేను అడిగాను. రెండేళ్ళుగా ఎవరూ అడగలేదు కాబట్టే అలా ఉందని అవతలి మేనేజరు చెప్పాడు! ఇప్పుడు వారానికి రెండు రాత్రులే. రాత్రి కాల్ ఉన్న మర్నాడు పదకొండు ముందు మీటింగు పెట్టకూడదని టీములో నియమం పెట్టుకున్నాం. కంపెనీకి పైసా ఖర్చు లేదు.

ఏటా కంపెనీ ఇచ్చే హెల్త్ చెకప్‌ని సెలవు రోజులా చూడటం కూడా మానాలి. నడుం కొలత రాయించుకోండి. మన దక్షిణాసియా మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు హద్దు. గురక సంగతి పక్కన పడుకున్న మనిషిని అడగండి, మనకి తెలీదు. ఇక ఇంట్లో దగ్గరితనం తగ్గితే సిగ్గుపడి దాచుకోకండి. అది గుండె రక్తనాళాల జబ్బుకీ షుగరుకీ తొలి సూచన కావచ్చు. డాక్టరుకి చెప్పాల్సిన మొదటి మాట అదే. మనం ఆఖర్న, తలుపు దగ్గర నిలబడి చెప్తాం.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతొకటుంది. ఇంత చదివాక "చూశారా, ఆ రాత్రి నేను అరవడానికి కారణం ఇదీ" అని చెప్పుకోవడం చాలా తేలిక. చెప్పుకున్నాను కూడా, మనసులో. కానీ నిద్ర చాలకపోవడం నా ఒంటి సంగతి. ఆ కుర్రాణ్ణి పది మంది ముందు అవమానించడం నేను చేసిన పని. నాకన్నా పెద్ద డైరెక్టరు అదే తప్పు చేసుంటే, హార్మోను ఎంత తక్కువున్నా నేను అరిచేవాణ్ణి కాదు. అది నాకు తెలుసు. కారణం వేరు, సాకు వేరు.

ఎనిమిది నెలల తరవాత క్యాంటీన్‌లో వాడు ఒక్కడే కూర్చుని కనబడ్డాడు. ఎదురుగా కూర్చుని, ఆ రాత్రి నాది తప్పని చెప్పాను. నిద్ర జబ్బు సంగతి ఎత్తలేదు. వాడు కాసేపు ప్లేటు వైపే చూసి, "ఆ రోజు రాత్రే రిజైన్ మెయిల్ టైప్ చేశానన్నా. పంపలేదు. చెల్లి ఫీజు కట్టాలి," అన్నాడు. ఇంకేం అనలేదు. నేనూ ఏం అనలేకపోయాను. టీ ఇప్పిస్తానంటే వద్దనలేదు, అదే నయం.

ఒక రేటింగు తగ్గితే వచ్చే ఏడాది పెంచుకోవచ్చు. ఆ మెయిల్ వెళ్ళిపోయుంటే? నలభైల్లో ఉన్నవాళ్ళమే కదా ఇప్పుడు టీములని నడిపేది. మన నిద్ర, మన పొట్ట, మన చిరాకు మన ఒక్కళ్ళ సొంతం కాదు, కింద పనిచేసే పది మంది మీద పడతాయి. చత్వారం వస్తే కళ్ళజోడు పెట్టుకోకుండా కారు నడుపుతామా? ఇదీ అలాంటిదే. సిగ్గుపడకుండా చూపించుకోవడం, చూపించుకునేదాకా నోరు అదుపులో పెట్టుకోవడం. నాకు తోచింది ఇంతే. ఇక వెళ్ళి పడుకుంటాను, పదిన్నర దాటింది.